రేగు కాని రేగు: చైనా జావో చెట్టు

నాలుగేళ్ల క్రితం టెక్సాస్‌లోని మా పెరట్లో ఒక మొక్క నాటాము. నర్సరీలో దానికి కట్టిన చీటీ మీద ‘జుజుబీ’ అని రాసి ఉండటమూ, పక్కనే ఉన్న కాయ బొమ్మ అచ్చం గంగరేగులా కనిపించటమూ చూసి, ఇక మీదట భోగినాడు పిల్ల తల మీద పోయడానికి రేగుపళ్ల కోసం దుకాణాల చుట్టూ తిరగనక్కరలేదని సంబరపడ్డాను. ఆ ఏడాది నవంబరులో ఒక ఉదయం చెట్టు కింద చూస్తే నేలంతా పరుచుకున్నవి ఆకులు కావు, జానెడేసి పొడవున్న రెమ్మలు. వాటిలో కొన్నింటికి ఆకులు ఇంకా అంటుకునే ఉన్నాయి. చెట్టుకేదో తెగులు సోకి కొమ్మలు ఊడిపోతున్నాయని భయపడి, అవసరం లేని నీళ్లు, అక్కరకు రాని మందులు పోశాను. ఆ రెమ్మలు రాలడం ఆ చెట్టు స్వభావమని నాకు చెప్పినవారు మా వీధి చివర ఉండే, చైనాలోని షాన్‌డోంగ్ రాష్ట్రం నుంచి వచ్చి స్థిరపడిన ఒక పెద్దాయన. అప్పటినుంచి ఈ చెట్టు గురించి చదవడం, దగ్గర కూర్చుని చూడడం నాకొక అలవాటైంది.

చైనీయులు దీన్ని ‘జావో’ అంటారు. ఇందులోని జకారం ‘జాతి’లోనిది కాదు, మనం ‘జాబు’ అన్నప్పుడు పలికేది. ఇది మన రేగుకు దగ్గరి చుట్టమే, రామ్నేసీ కుటుంబంలో జిజిఫస్ అనే ఒకే ప్రజాతికి చెందినదే గాని, జాతి వేరు. ఈ రెండింటి మధ్య గందరగోళానికి కారణం సగం వరకు పేర్లే. 1753లో వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ రెండింటినీ విడివిడిగానే గుర్తించి, చైనా చెట్టును ‘రామ్నస్ జిజిఫస్’ అనీ, మన రేగును ‘రామ్నస్ జుజుబా’ అనీ పిలిచాడు. 1768లో ఫిలిప్ మిల్లర్ చైనా చెట్టుకు ‘జిజిఫస్ జుజుబా’ అని పేరు పెట్టగా, 1789లో లామార్క్ అదే పేరును మన రేగుకు వాడాడు. ముందు పెట్టిన పేరుదే హక్కు అన్న నియమం ప్రకారం ‘జుజుబా’ చివరికి చైనా చెట్టుకే దక్కి, మన రేగుకు ‘జిజిఫస్ మారిషియానా’ అన్న పేరు మిగిలింది. అయితే బ్రిటిష్ కాలపు భారతీయ వృక్షశాస్త్ర గ్రంథాలు లామార్క్‌నే అనుసరించాయి కాబట్టి, పాత పుస్తకాల్లో రేగు పక్కన ‘జుజుబా’ అని కనిపిస్తే అది మన చెట్టేనని అర్థం చేసుకోవాలి. చైనా జావో ఔషధ గుణాలన్నీ తెచ్చి మన రేగుపండుకు అంటగట్టే వ్యాసాలు ఇంటర్నెట్‌లో కొల్లలుగా ఉన్నాయి. ఈ పేర్ల చిక్కు తెలియకపోవడమే వాటికి మూలమని నా అనుమానం.

చెట్లను పక్కపక్కన పెట్టి చూస్తే మాత్రం పొరబడే వీలు లేదు. మన రేగాకును తిప్పి చూస్తే అడుగు భాగం తెల్లగానో తుప్పు రంగులోనో నూగుతో మెత్తగా ఉంటుంది. జావో ఆకు రెండు వైపులా నున్నగా, పైన నూనె రాసినట్లు మెరుస్తుంది. ఆకు మొదలు నుంచే మూడు ఈనెలు బయలుదేరి కొనదాకా సాగడం, అంచున చిన్న రంపపు పళ్లుండడం రెండింటికీ ఉమ్మడి లక్షణాలు. ముళ్లు కూడా అంతే. ఇవి ఆకు మొదట్లో ఉండే పత్రపుచ్ఛాలు మారి ఏర్పడినవి కనుక జంటగా వస్తాయి. జంటలో ఒకటి నిటారుగా మూడు సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, రెండోది అర సెంటీమీటరు పొడవున కొక్కెంలా కిందికి వంగి ఉంటుంది. నిలువు ముల్లు గుచ్చుకున్న చేతిని వెనక్కి లాక్కోబోతే వంపు ముల్లు చొక్కా పట్టుకుంటుంది. రేగు కంపలో చెయ్యి పెట్టినవారికి ఈ సంగతి చెప్పనక్కరలేదు.

అసలు విశేషం కొమ్మల్లో ఉంది. జావో చెట్టు ముందుగా నిడుపాటి కొమ్మ వేస్తుంది. దానికి ఇరువైపులా, కణుపు కణుపుకూ దిశ మార్చుకుంటూ వంకరటింకరగా సాగే పక్క కొమ్మలు పుడతాయి. ఆ వంపుల్లో ప్రతి మలుపు దగ్గరా ఒక బొడిపె ఏర్పడుతుంది. చూడటానికి ఎండిపోయిన మొటిమలా ఉండే ఈ బొడిపె నిజానికి సజీవమైన కురచ కొమ్మ. ఏటా ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించి పెరగకుండా ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది. వసంతంలో ఒక్కో బొడిపె నుంచి రెండు మూడు మొదలు ఆరేడు దాకా సన్నని, మెత్తని ఆకుపచ్చ రెమ్మలు వేలాడుతూ వస్తాయి. చైనీయులు వీటిని ‘జావో ద్యావ్’ అంటారు, వేలాడేవని అర్థం. ఆకులు, పూలు, కాయలు అన్నీ ప్రధానంగా ఈ రెమ్మల మీదే. ఇవి ఎన్నడూ ముదిరి కట్టె కావు. శరదృతువు రాగానే ఆకుతో పాటు రెమ్మ కూడా మొదలంటా ఊడి రాలిపోతుంది. రెమ్మ కొమ్మే అయినా, దాని బతుకు మాత్రం ఆకు బతుకు.

మనకు ఇది వింతగా తోచనవసరం లేదు, ఎందుకంటే మన ఉసిరి చేసేదీ ఇదే. ఉసిరి చెట్టుకు చింతాకుల్లా కనిపించేవి ఆకులు కావు, చిట్టి ఆకులు బారులు తీరిన రెమ్మలు. అవి కూడా కాలం తీరాక రెమ్మలుగానే రాలిపోతాయి. జావోకు, ఉసిరికి బంధుత్వమేమీ లేదు. ఖరీదైన కట్టె మీద పెట్టుబడి పెట్టకుండా, కాయ మోసే కొమ్మను ఏ ఏటికాయేడు తయారు చేసుకుని పారేసే ఈ ఉపాయం రెండు చెట్లకూ వేరువేరుగా అబ్బింది. కొత్త రెమ్మ మీదే పూస్తుంది కనుక జావో నాటిన ఏడాదే నాలుగు కాయలైనా చూపిస్తుంది. ‘పీచ్‌కు మూడేళ్లు, ఆప్రికాట్‌కు నాలుగు, పియర్‌కు అయిదు, జావో ఆ ఏడాదే అప్పు తీరుస్తుంది’ అని చైనాలో ఒక సామెత ఉందని మా వీధి పెద్దాయన చెప్పారు. వసంతంలో మిగతా చెట్లన్నీ చిగిర్చాక తాపీగా చివరన మేలుకోవడం దీని మరో అలవాటు. మంచు భయం పూర్తిగా పోయాకే పూస్తుంది కాబట్టి పూత మాడదు. సున్నాకు దిగువన ముప్ఫై డిగ్రీల చలిని కూడా మోడుగా నిలబడి తట్టుకోగలదు.

పూలు అరంగుళమైనా ఉండవు, లేత పసుపు కలిసిన ఆకుపచ్చ. ఆకు పంగల్లో చిన్న గుత్తులుగా పూస్తాయి. మొన్న మే నెలలో భూతద్దం పట్టుకుని ఒక పువ్వు విచ్చుకోవడాన్ని మొదటి నుంచి చివరిదాకా చూశాను. మొదట అయిదు త్రికోణాకార రక్షక పత్రాలు నక్షత్రంలా విడివడ్డాయి. వాటి మధ్య అయిదు ఆకర్షక పత్రాలు ఒక్కోటీ చిన్న చెంచాలా మడిచి ఒక్కో కేసరాన్ని తన గుంటలో దాచుకుని నిలబడ్డాయి. కాసేపటికి చెంచాలు వెనక్కి వాలి కేసరాలను వదిలాయి. నడుమ మందపాటి పసుపు పళ్లెం లాంటి భాగం మీద తేనె తడిగా మెరిసింది. అండాశయం ఆ పళ్లెంలోనే సగం మునిగి, రెండుగా చీలిన కీలాన్ని మాత్రం పైకి చాచింది. కేసరాలు ముందు పుప్పొడి రాల్చి, కీలాగ్రం ఆ తర్వాత సిద్ధమవుతుంది. కొన్ని రకాల పూలు పగలు, కొన్నింటివి రాత్రి విచ్చుకుంటాయి. తేనె సమృద్ధిగా ఉంటుంది కనుక ఉత్తర చైనాలో జావో పూతేనెకు మంచి పేరుంది.

ఇన్ని పూలు పూసినా నిలిచే కాయ నూటికి ఒకటి చొప్పున ఉంటే గొప్ప. పూత, చిగురు, కాయ ఎదుగుదల అన్నీ ఒకే సమయంలో ఒకే రెమ్మ మీద జరుగుతూ ఆహారం కోసం పోటీ పడటమే ఇందుకు కారణం. ఈ సమస్యను ఆరో శతాబ్దంలోనే ఒక రచయిత గుర్తించాడు. జియా సిషియే రాసిన ‘ఛిమిన్ యావ్‌షు’ అనే వ్యవసాయ గ్రంథం, సంవత్సరం మొదటి రోజు సూర్యోదయ వేళ గొడ్డలిని తిరగేసి, దాని మడమతో చెట్టు మొద్దు మీద అక్కడక్కడా కొట్టమని చెబుతుంది. దీనికి ‘జావోకు పెళ్లి చేయడం’ అని పేరు. కొట్టకపోతే పూస్తుంది గాని కాయదనీ, అంచుతో నరికితే కాయలు వడలి రాలతాయనీ కూడా అదే చోట హెచ్చరిక ఉంది. పట్టుపురుగులు గూడు కట్టే వేళకు కొమ్మల మధ్య కర్రతో కొట్టి ‘వెర్రి పూలను’ రాల్చమంటుంది. వెర్రి పూత అని మనమూ అంటాము కదా.

దెబ్బ తిన్న బెరడు లోపలి పోషక కణజాలం నలిగి, ఆకులు తయారుచేసిన చక్కెర వేళ్లకు దిగడం తగ్గి కొమ్మల్లోనే నిలుస్తుంది. ఇప్పటి హెబే, షాన్‌డోంగ్ రైతులు ఇదే పనిని ఇంకా కచ్చితంగా చేస్తారు. పూత ముమ్మరంగా ఉన్నప్పుడు మొద్దు చుట్టూ సుమారు అర సెంటీమీటరు వెడల్పున బెరడును ఉంగరంలా ఒలిచేస్తారు. దారువుకు దెబ్బ తగలదు కనుక నీళ్లు పైకి వెళుతూనే ఉంటాయి, చక్కెర కిందికి దిగదు. సుమారు నెల రోజుల్లో గాయం మానుతుంది. మరుసటి ఏడాది పాత గాయానికి కాస్త పైన మళ్లీ గీస్తారు. అలా గీయించుకున్న ముసలి చెట్ల మొద్దులు ఒకదానిపై ఒకటి కడియాలు తొడిగినట్లుంటాయి. నేను మాత్రం మా చెట్టును గీయలేదు. మాకు వచ్చే రెండు గిన్నెల కాయల కోసం దాన్ని అంత బాధ పెట్టాలనిపించలేదు.

కాయ మొదట తెల్లబారుతుంది, తర్వాత గోధుమ రంగు మచ్చలతో ఎర్రబడుతూ కరకరలాడుతుంది, చివరికి ముడతలు పడి ఖర్జూరంలా మెత్తబడుతుంది. రెండో దశలో తిన్నవారు ఆపిల్ అంటారు, మూడో దశలో తిన్నవారు ఖర్జూరం అంటారు. పండే వేళ వాన పడితే తొక్క చీలిపోతుంది. పసుపు నది పరిసరాల్లోని అయిదు రాష్ట్రాలు తరతరాలుగా ఈ పంటకు పేరుపడ్డా, వాన చినుకు అరుదైన షిన్‌జియాంగ్ ఈ రెండు మూడు దశాబ్దాల్లో వాటిని మించిపోవడానికి ఇదొక ముఖ్య కారణం. పాత తోటలకు విలువ తగ్గలేదు. షాన్‌షీ రాష్ట్రంలోని జియాషియాన్ జావో తోటలను ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2014లో ప్రపంచ వ్యవసాయ వారసత్వ జాబితాలో చేర్చింది. పెద్ద దుకాణాల్లో దొరికే ఎండు పండ్లలో ‘బంగారు దారం’ అనే చిన్న రకం షాన్‌డోంగ్, హెబే ప్రాంతాలది. ఒక పండును మధ్యకు చీల్చి మెల్లగా రెండు వైపులకూ లాగితే లోపలి పాకం నిజంగానే సన్నని పసుపు తీగలుగా సాగుతుంది. ఎండితే తీపి పెరిగినా ‘సి’ విటమిన్ పెద్దగా మిగలదు. చైనా ఆహార పట్టికల్లో తాజా పండుకు 100 గ్రాములకు 243 మిల్లీగ్రాములుంటే, ఎండు పండుకు 14 మాత్రమే.

వైద్యంలో మాత్రం వాడేది ఎండు పండే. రెండో శతాబ్దం చివర జీవించిన వైద్యుడు జాంగ్ జోంగ్‌జింగ్ చెప్పిన దాల్చిన రెమ్మల కషాయంలో అల్లం, అతిమధురంతో పాటు 12 జావో పండ్లు పడతాయి. ఘాటైన దినుసుల దూకుడు తగ్గించి, జీర్ణకోశాన్ని కాపాడడం వాటి పనిగా చైనా వైద్యులు చెబుతారు. నిద్ర పట్టనివారికి ఇచ్చే మందు పండుది కాదు, గింజది. అది కూడా పెద్ద జావోది కాదు, పులుపు జావో అనే దాని అడవి తమ్ముడిది. అది ముళ్లపొద. పండు గుండ్రంగా, గుజ్జు నామమాత్రంగా ఉంటుంది. పెద్ద జావో టెంకె రెండు కొనలూ కుట్టు సూదిలా వాడిగా ఉండి, పగలగొడితే చాలా రకాల్లో గింజ తాలుగానే ఉంటుంది. పులుపు జావో టెంకె రెండు కొనలూ మొద్దుబారి, లోపల చదునైన, ఎర్రటి నున్నని గింజ నిండుగా ఉంటుంది. పండు తీయన చేసుకునే కొద్దీ మనుషులు ఎంచి పెంచిన చెట్టు విత్తనాన్ని పోగొట్టుకుంది. అందుకే పెద్ద జావోను పులుపు జావో వేరు మీద అంటు కడతారు.

ఆకుకు ఇంకో విద్య ఉంది. రెండు ముదురాకులు నమిలి, ఉమ్మేసి, చెంచాడు పంచదార నోట్లో వేసుకున్నాను. ఇసుక నమిలినట్లుంది, తీపి అన్న మాటే లేదు. పొడపత్రి నమిలినప్పటి అనుభవం ఇదే. జావో ఆకులోని జిజిఫిన్ అనే పదార్థం నాలుక మీద తీపిని పసిగట్టే శక్తిని కాసేపు అణచివేస్తుంది. పొడపత్రి ప్రభావం కంటే ఇది త్వరగా తగ్గుతుంది, కొద్ది నిమిషాల్లో పంచదార మళ్లీ పంచదారైంది. ఇది నాలుకకు సంబంధించిన మాయ మాత్రమే గనుక, దీన్ని మధుమేహానికి మందని ఎవరైనా అమ్మజూపితే కొనవద్దు.

ఇక భోగిపళ్ల సంగతి. మన రేగు వానలు వెనకపడుతుండగా పూసి సంక్రాంతికి పండుతుంది. జావో ఎండాకాలంలో పూసి ఆగస్టు, సెప్టెంబరుల్లో పండి, జనవరి నాటికి రెమ్మలన్నీ దులుపుకుని బొడిపెలతో మోడుగా నిలుస్తుంది. ఈ ఏడాది పిల్ల తల మీద పోసినవి సెప్టెంబరులో మేమే ఎండబెట్టి దాచిన జావోలు. కాస్త బరువైనవి కాబట్టి చిల్లర, పూలు, చెరకు ముక్కలతో కలిపి మెల్లగా పోశాము. మొన్న వేసవిలో చెట్టు మొదలుకు మూరెడు దూరంలో, నేలలోంచి ఒక పిలక లేచింది. అంటు కింది వేరుది అయి ఉంటుంది, మా చెట్టు మీది ముళ్ల కంటే దీనివి రెట్టింపు. కోసెయ్యమన్నారు ఇంట్లో. టెంకె కొనలు మొద్దువో వాడివో చూసేదాకా ఉంచమని బతిమాలుకున్నాను.