ఆవగింజంత పుట్టుమచ్చ

చర్మంలోంచి పురుగుమందు ఎంత దిగుతుందో కొలిచే గాజు సెల్స్‌లో, ఐదోదాంట్లో చర్మం కింద గాలి బుడగ చేరింది. గాజు సెల్‌ని మెల్లగా వంచి బుడగను బయటికి పంపుతుంటే కనబడింది, ఆ చర్మం ముక్క మీద ఆవగింజంత పుట్టుమచ్చ.

ఎవరో ఒకావిడ. పొట్ట ఆపరేషన్‌లో తీసిన చర్మాన్ని పరిశోధనకి వాడుకోమని సంతకం పెట్టి ఇచ్చింది. కాసేపు నాకు చెయ్యి ఆడలేదు.

పైన పురుగుమందు చుక్క, కింద ద్రవం, చర్మం దగ్గర 32 డిగ్రీల వేడి. 24 గంటలపాటు కింది ద్రవాన్ని కొంచెం కొంచెం తీసి, మందు ఎంత దిగిందో కొలవాలి. ఎనిమిదో గంటకి పైన సబ్బునీళ్లతో కడిగేశాను. పైపొరలో ఇరుక్కున్నది ఆ తర్వాత కూడా దిగుతూనే ఉంది.

నాన్న గుర్తొచ్చాడు. మిరప చేలో మందు కొడుతూ, భుజాన మందుకి తడిసిన తువ్వాలుతోనే నుదురు తుడుచుకుంటాడు. 1967లో ఫెల్డ్‌మన్, మైబాక్ అనే పరిశోధకులు మనుషుల మీద హైడ్రోకార్టిజోన్ అనే పూతమందు రాసి కొలిస్తే, ముంజేతికన్నా నుదుటిలోంచి దాదాపు ఆరు రెట్లు ఎక్కువ లోపలికెళ్లింది. ఆ నుదురే!

వెంటనే ఫోన్ చేశా.

"చేతులు కడుక్కున్నాలేమ్మా."

"చేతులు కాదు నాన్నా, తువ్వాలు. తువ్వాలేది?"

"ఇదిగో, మెడ మీదే ఉంది."