కావేరిలో కృష్ణా చేప

బెంగళూరు నుంచి కనకపుర, సాతనూరు, హలగూరు దాటాక రోడ్డు అడవిలోకి దిగుతుంది. కావేరి ఒడ్డున ఉన్న భీమేశ్వరి క్యాంపు దాకా ఇక మలుపులే. మా బావకి ఏనుగుల మీద ఆశ. నాకేమో చేప పిచ్చి. మూపురం మహసీర్ ప్రపంచం మొత్తంలో కావేరిలో, దాని ఉపనదుల్లో తప్ప ఇంకెక్కడా పుట్టదు.

క్యాంపులో పాత ఫోటోలున్నాయి. ఇద్దరు కలిసి ఎత్తినా చేతులు కిందికి లాగేస్తున్నంత చేప. తల వెనకాలే లేచిన మూపు, నారింజ రంగు తోక, అరచేయంత పొలుసులు. 1946లో కావేరి ఉపనది కబినిలో గాలానికి పడ్డది 54 కిలోలు తూగింది. బ్రిటిష్ దొరల కాలం నుంచీ అందరికీ తెలిసిన ఈ చేప శాస్త్రీయ నామం మాత్రం 2018లో గానీ తేలలేదు. కేరళలోని మరో కావేరి ఉపనది పాంబారులో దొరికిన చేపకి అంతకుముందే పెట్టిన ‘టార్ రెమాదేవియై’ అన్న పేరే దీనిదీ అని అప్పుడు నిర్ధారించారు. ఆ ఏడాదే అంతరించే ముప్పు అత్యంత తీవ్రంగా ఉన్న జాతుల్లో చేర్చారు. బారసాల రోజే ఐసీయూలో పెట్టినట్టు!

పుట్టి ఎక్కాం. బండల మధ్య మడుగులో ఓ పెద్ద చేప పక్కకి తిరిగింది, పొలుసులు తళుక్కుమన్నాయి.

"అన్నా, అదేనా?"

"మహసీరే సార్. మీరడిగింది కాదు. రెక్కలు చూడండి, నీలం."

నీలి రెక్కల మహసీర్‌ది మన కృష్ణా పరీవాహకం. లోనావాలా హేచరీలో పెంచిన పిల్లల్ని మంచి ఉద్దేశంతోనే ఇక్కడ వదిలారు. అవి తామరతంపరగా పెరిగాయి, అసలుది తగ్గిపోయింది. డైనమైట్లు, ఆనకట్టలు, ఇసుక తవ్వకాలు ఉండనే ఉన్నాయి. ఈ తగ్గుదల బయటపడింది ఇదే నది ఒడ్డున ఉన్న గాలిబోరె క్యాంపులో గాలాలవాళ్లు రాసిపెట్టిన లెక్కల వల్లే. వాళ్లు రాగిముద్ద ఎరగా వేసి, పట్టి, తూచి, వదిలేసేవాళ్లు. అభయారణ్యమని 2012లో ఆ గాలాలు ఆపేశారు. రూలు రూలే కానీ, దాంతో లెక్కలూ ఆగిపోయాయి. నాకది నచ్చలేదు.

"గాలాలవాళ్లు తిరుగుతుంటే డైనమైట్ వేసేవాడికి భయముండేది సార్," అన్నాడు పుట్టి నడిపే ఆయన. ఇప్పుడు కాస్త ఆశ మిగిలింది తమిళనాడు అడవుల్లోని మోయార్ నది మీదే. అది పులుల అడవి, పుట్టి షికార్లు చేసే చోటు కాదు.