హాస్టల్ ఓపీలో ఒక గొంతు నొప్పి

శుక్రవారం. పొద్దుటి ఓపీలో సగం జలుబులూ గొంతు నొప్పులే. చాలామటుకు వైరస్‌వి, పారాసెటమాల్‌తో, ఉప్పునీళ్ళ పుక్కిలింతతో గడిచిపోతాయి. ఇంటర్ రెండో ఏడాది కుర్రాడిది మాత్రం వేరుగా ఉంది. నిన్న సాయంత్రం ఉన్నట్టుండి మొదలైందట. "ఉమ్మి కూడా మింగలేకపోతున్నా సార్." జ్వరం 102. ముక్కు కారడం లేదు, దగ్గు లేదు, గొంతు బొంగురుపోలేదు. ఇది వైరస్‌ది కాదేమో అని అనుమానించడానికి బాగా పనికొచ్చేవి ఈ 'లేదు'లే.

టార్చి వేసి చూస్తే టాన్సిల్స్ ఎర్రగా ఉబ్బి ఉన్నాయి, వాటి మీద చీము మచ్చలు. దవడ కింద, మెడ ముందు వైపు బిళ్ళలు (లింఫ్ గ్రంథులు) తాకితే నొప్పి. జ్వరం, దగ్గు లేకపోవడం, టాన్సిల్స్ మీద చీము, మెడ ముందు బిళ్ళల నొప్పి, వీటికి ఒక్కో మార్కు వేసే సెంటర్ స్కోరు నాలుగుకి నాలుగు. అయినా నాలుగూ ఉన్నవాళ్ళలో స్ట్రెప్ (గొంతులో చేరే స్ట్రెప్టోకాకస్ బాక్టీరియా) తేలేది దాదాపు సగం మందికే. అందుకే స్వాబ్ తీయాలి. రెండు టాన్సిల్స్ మీదా, గొంతు వెనక గోడ మీదా గట్టిగా తిప్పాలి. వాడికి వోకరింపు వస్తుందని భయపడి నాలుకకో బుగ్గకో తాకించి తీసేస్తే జబ్బు ఉన్నా నెగటివ్ వస్తుంది. ర్యాపిడ్ టెస్టులో గీత స్పష్టంగా పడింది.

ఏఎస్‌ఓ (స్ట్రెప్ మీద ఒంట్లో తయారయ్యే యాంటీబాడీల రక్తపరీక్ష) కూడా చేయించనా అన్నాడు కుర్రాడు. వద్దన్నాను. ఆ యాంటీబాడీలు పెరగడానికే వారం దాకా పడుతుంది, ఇవాళ ఎక్కువ వచ్చినా అది పాత ఇన్‌ఫెక్షన్‌ది కావచ్చు.

మందు రాసేముందు చూడాల్సినవి ఇంకా ఉన్నాయి. బూడిదరంగు పొర అంటుకుని ఉండి, కదిలిస్తే రక్తం వస్తే కంఠసర్పి అనుమానించి వెంటనే పెద్దాసుపత్రికి పంపాలి. నోరు తెరవలేక, కొండనాలుక ఓ పక్కకి జరిగితే టాన్సిల్ పక్కన చీముగడ్డ. మెడ వెనక బిళ్ళలు, ప్లీహం వాపు ఉంటే మోనో అనే వైరస్ జబ్బు కావచ్చు. దానికి అమాక్సిసిలిన్ (పెన్సిలిన్ జాతి మందు) ఇస్తే చాలామందికి ఒళ్ళంతా దద్దుర్లు రావచ్చు. ఇవేవీ లేవు, పెన్సిలిన్ ఎలర్జీ కూడా లేదు.

అమాక్సిసిలిన్ 500 మి.గ్రా. రోజుకి రెండుసార్లు, 10 రోజులు. క్లావులనేట్ కలిపింది అక్కర్లేదు, అది పెన్సిలిన్‌ని విరగ్గొట్టే ఎంజైమ్‌ని ఆపడానికి, ఈ క్రిమి ఆ ఎంజైమే తయారుచేయదు. మందుల షాపులో మూడ్రోజుల అజిత్రో (అజిత్రోమైసిన్) చేతిలో పెట్టేస్తుంటారు. దానికి లొంగని స్ట్రెప్ ఉంది, పెన్సిలిన్‌కి మాత్రం ఇప్పటికీ లొంగుతూనే ఉంది.

చిక్కల్లా మూడోరోజు. నొప్పి తగ్గగానే మాత్రలు డ్రాయర్లోకి పోతాయి. 10 రోజులు వాడమనేది నొప్పి కోసం కాదు, క్రిమిని గొంతులోంచి పూర్తిగా తీసేసి, గుండె కవాటాల్ని పాడుచేయగల రుమాటిక్ జ్వరం రాకుండా చూడడానికి. మింగడని అనిపిస్తే బెంజథైన్ పెన్సిలిన్ 12 లక్షల యూనిట్ల ఇంజెక్షన్ తుంటికి ఒక్కసారి చేయడం మేలు. నొప్పెడుతుంది, అరగంట కూర్చోబెట్టాలి, కానీ కోర్సు మధ్యలో ఆగదు. వీడు మాత్రలే కావాలన్నాడు, ఇచ్చాను.

వార్డెన్‌కి చీటీ: జ్వరం తగ్గి, మందు మొదలుపెట్టి 24 గంటలు అయ్యేదాకా క్లాసుకి వద్దు, గ్లాసూ నీళ్ళ సీసా వేరుగా. గదిలో మిగతావాళ్ళకి లక్షణాలు లేకపోతే టెస్టూ వద్దు, మందూ వద్దు.