ఎవరు ఆడతారో తెలియని మ్యాచ్‌కి

ఎవరు ఆడతారో తెలియకుండా ఒక మ్యాచ్‌కి నెల ముందే రైలు టికెట్లు తీసుకున్న ఇల్లు మాదొక్కటే అయ్యుంటుంది. తప్పు నాదే. 2023 డిసెంబర్‌లో మా వాడు (ఎనిమిదో తరగతి) క్యాలెండర్ గోడ మీంచి తీసుకొచ్చి వంటగదిలో నా ముందు పెట్టాడు. జనవరి 26 శుక్రవారం, రిపబ్లిక్ డే. 28 ఆదివారం, ఫుట్‌బాల్ సూపర్ కప్ ఫైనల్. భువనేశ్వర్, కళింగ స్టేడియం. "అమ్మా, బోర్డర్ దాటితే చాలు" అన్నాడు, ఇచ్ఛాపురం మా వీధి చివర ఉన్నట్టు.

వాడి ఆశ వాడిది. పదహారు జట్లలో హైదరాబాద్ ఎఫ్‌సీ ఒకటి, శ్రీనిధి డెక్కన్ ఒకటి. ఈ శ్రీనిధి సంగతి మన విశాఖ వాళ్ళలో చాలామందికి తెలీదు. 2020లో ఐ-లీగ్ అనే జాతీయ ఫుట్‌బాల్ లీగ్‌లోకి తీసుకున్నప్పుడు కాగితం మీద అది విశాఖపట్నం జట్టు. తీరా ఆడటం మొదలెట్టింది హైదరాబాద్‌లో. మా వాడు దాన్ని ఇప్పటికీ మనవాళ్ళనే అంటాడు, పెళ్ళై వెళ్ళిపోయిన ఆడపిల్లని అన్నట్టు. ఆ రెండు జట్లనీ ఒకే గ్రూపులో పడేశారు, పైగా కోల్‌కతా జట్లు మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్‌తో కలిపి. అయినా ఒకటైనా ఫైనల్‌కి వస్తుందని వాడు లెక్కలు వేసి చూపించాడు. లెక్కల పరీక్షలో అంత ఓపిక చూపిస్తే బావుండేది.

ఇక్కడ మధురవాడలో క్రికెట్ చూశాం, పోర్టు స్టేడియంలో కబడ్డీ చూశాం. ఫుట్‌బాల్ అంటే మాత్రం రైల్వే గ్రౌండ్‌లో పొద్దున్న ఆరింటికి పిల్లలు ఆడేదే. టీవీలో తప్ప జీతం తీసుకుని బంతి తన్నే మనిషిని మా వాడు కళ్ళారా చూడలేదు. సరే అన్నాను. నోట్ బుక్ తీశాను. అసలు గొడవ అక్కడ మొదలైంది.

మా ఆయన కారన్నారు. పదహారో నంబరు హైవే, నాలుగు వందల నలభై కిలోమీటర్లు, ఏడెనిమిది గంటలు. నాతవలస దగ్గర మొదలై మడపాం, పలాస, ఇచ్ఛాపురం, టోల్‌గేట్లన్నీ ఒక కాగితం మీద రాసి పోను రాను కూడితే ఆయనే కారు మాట ఎత్తడం మానేశారు. అత్తయ్యగారికి కారులో వాంతులు, ఆ సంగతి ఎవరూ పైకి అనలేదు. రైలే ఖాయమైంది.

రైలనగానే మావయ్యగారు రంగంలోకి దిగారు. వాల్తేరు డివిజన్‌లో ముప్ఫై ఆరేళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. వాళ్ళ నాన్నగారు బీఎన్నార్, అంటే పాత బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే, రోజుల వారు. మర్రిపాలెంలో మా పాత ఇంట్లో ఇప్పటికీ బీఎన్నార్ ముద్ర ఉన్న ఇత్తడి చెంబొకటి ఉంది, ఎలా వచ్చిందో అడగకూడదు. ఈయనకి భువనేశ్వర్ అంటే పడదు. 2003లో ఈస్ట్ కోస్ట్ రైల్వే వచ్చి హెడ్డాఫీసు అక్కడ పెట్టాక నెలకోసారి ఫైళ్ళు పట్టుకుని వెళ్ళేవారట. తెల్లారి దిగడం, ఆఫీసు, రాత్రి మళ్ళీ బండెక్కడం. "ఏటుందమ్మా ఆ ఊళ్ళో, మాస్టర్ క్యాంటీన్ దగ్గర టీ తప్ప" అన్నారు. రానన్నారు. మర్నాడు మళ్ళీ ఆయనే వచ్చి, "టికెట్లు తీసినప్పుడు చిలకా వైపు కిటికీలు చూడు. వెళ్ళేటప్పుడు కుడి, వచ్చేటప్పుడు ఎడమ" అన్నారు. అంటే వస్తున్నారన్నమాట.

ఆ కిటికీల గురించి ఒక సాయంత్రం గడిచింది. దక్షిణం నుంచి వచ్చే బండి విశాఖలో ఇంజను మార్చుకుని వెనక్కి తిరుగుతుంది కాబట్టి అప్పటిదాకా కుడివైపు కూర్చున్నవాడు ఎడమవైపు అవుతాడు, బోగీ ఎటు తిరిగి ఉందో బుక్ చేసేవాడికి తెలీదు, ఇలా ఆయనే చెప్పి ఆయనే చూడమంటారు. నేను సైడ్ లోయర్ రెండు, మిగతావి లోపల తీసుకుని దేవుడి మీద భారం వేశాను.

తిరుగు ప్రయాణం దగ్గర మొగుడూ పెళ్ళాలం రెండు రోజులు మాట్లాడుకోలేదు. మ్యాచ్ రాత్రి ఏడున్నరకి. "తొమ్మిదిన్నరకి అయిపోతుంది, రాత్రి బండెక్కేస్తే సోమవారం పొద్దున్నకి ఇంట్లో ఉంటాం, హోటల్ ఒక రాత్రి మిగులుతుంది" అని ఆయన. ఆరుగురు మనుషులు, ఇద్దరు ముసలివాళ్ళు, స్టేడియం బయట జనం, ఆటో దొరకడం... నేను సోమవారం తెల్లవారుజామున బయల్దేరే ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌కి తీశాను. పిల్లలకి సోమవారం బడి పోతుంది, పోనీ. హోటల్ వాడు లాంగ్ వీకెండ్ అని గదికి మామూలు కన్నా ఎనిమిది వందలు ఎక్కువ వేశాడు. రెండు గదులు, రెండు రాత్రులు. ఆ మూడువేల రెండొందలూ మా ఆయన నెల రోజులు గుర్తుచేశారు.

జనవరి సగమయ్యేసరికి మన రెండు జట్లూ ఇంటికొచ్చేశాయి. హైదరాబాద్ మీద ఈస్ట్ బెంగాల్ 3-2, శ్రీనిధి మీద 2-1. మా వాడు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఇండియా జట్టు అదే టైంలో ఖతర్‌లో ఆసియా కప్ ఆడి మూడు మ్యాచ్‌లూ ఓడింది. క్యాన్సిల్ చేద్దామా అంటే చేసినందుకు పోయే డబ్బులు లెక్కేశాం, చేయలేదు. 25 రాత్రి సెమీఫైనల్ అయ్యాకగానీ తెలియలేదు, ఫైనల్ ఒడిశా ఎఫ్‌సీకీ ఈస్ట్ బెంగాల్‌కీ అని. ఒడిశా అప్పటికి కిందటేడు కప్పు గెలిచిన జట్టు, సొంత ఊళ్ళో ఆట. మా వాడు పది నిమిషాల్లో ఒడిశా మనిషైపోయాడు. "బోర్డర్ పక్కోళ్ళే కదమ్మా."

శనివారం ప్రయాణం గురించి చెప్పడానికేం లేదు. పులిహోర విజయనగరం దాటకముందే అయిపోయింది. కిటికీలు కొండల వైపు పడ్డాయి, చిలకా ఎదుటివాళ్ళ తలల మధ్య నుంచి ముక్కలు ముక్కలుగా కనిపించింది. మావయ్యగారు నా వైపు చూడలేదు, అదే పెద్ద మాట. సాయంత్రం లింగరాజ ఆలయం, ఆదివారం పగలు ఖండగిరి, ఉదయగిరి. అమ్మాయి మాత్రం ఊరంతా గుప్‌చుప్ బళ్ళు లెక్కపెట్టి, మన పానీపూరీ కన్నా ఇందులో పులుపు బావుందని తేల్చింది.

ఆదివారం సాయంత్రం ఆటోవాడు స్టేషన్ దగ్గర్నుంచి స్టేడియానికి మూడొందలడిగాడు. ఐదారు కిలోమీటర్లుంటుందేమో. మన జగదాంబ ఆటోవాళ్ళు ఇతని ముందు దేవుళ్ళు. స్టేడియం దగ్గర ఫుట్‌పాత్ మీద జెర్సీలు, మఫ్లర్లు. ఒడిశా ఊదారంగు జెర్సీ నాలుగొందల దగ్గర మొదలై రెండొందల యాభైకి దిగింది. మా వాడు అక్కడే చొక్కా మీద వేసేసుకున్నాడు.

లోపలికి వెళ్ళి మెట్లెక్కి గ్యాలరీలోకి తల పెడితే అంతా ఎరుపూ పసుపే, ఈస్ట్ బెంగాల్ రంగులు. కోల్‌కతా నుంచి రాత్రి బళ్ళలో దిగిన జనం. డప్పులు, జెండాలు, ఒకడు మెగాఫోన్‌తో. నేను టికెట్లు తీసినప్పుడు చవక చూశానుగానీ ఎవరి గ్యాలరీ అని చూడలేదు. ఫైనల్‌కి ఎవరొస్తారో తెలియనప్పుడు ఎలా చూస్తాను! మా ఊదారంగు వీరుడు స్వెట్టర్ జిప్పు గొంతు దాకా లాక్కుని కూర్చున్నాడు. చలి అంతేం లేదు. చెమట కారుతోంది.

మావయ్యగారి పక్క సీట్లో ఒక ముసలాయన. డెబ్భై దాటి ఉంటాయి. మంకీ క్యాప్, మెడలో ఎరుపూ పసుపూ మఫ్లర్, చేతిలో ఫ్లాస్కు. వాళ్ళబ్బాయి పక్కనే నిలబడి అరుస్తున్నాడు, ఈయన మాత్రం చేతులు ఒళ్ళో పెట్టుకుని గ్రౌండు వైపు చూస్తున్నారు. హిందీలో ఎక్కడ్నించని అడిగారు. వైజాగ్ అన్నారు మావయ్యగారు. "ఓ, వాల్టెయిర్!" అన్నారాయన. వాల్టెయిర్ అన్న మాట విని ఎన్నేళ్ళయిందో, మావయ్యగారు ఇటు తిరిగి కూర్చున్నారు. రైల్వేనా అని ఆయన, రైల్వేనే అని ఈయన, బీఎన్నార్ అని ఆయన. ఆ తర్వాత ఏమైందంటే మావయ్యగారు బెంగాలీ మొదలెట్టారు.

పెళ్ళై ఈ ఇంటికొచ్చి పదిహేనేళ్ళు. ఆయన బెంగాలీ మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. అత్తయ్యగారి మొహం చూశాను. "కలకత్తా గార్డెన్ రీచ్‌లో ట్రైనింగప్పుడు నేర్చారు, నన్ను తిట్టడానిక్కూడా వాడలేదు" అన్నారావిడ.

ఫస్టాఫ్‌లో ఒడిశా గోలు కొట్టింది, డియెగో మౌరిసియో. దూరంగా అవతలి స్టాండ్లన్నీ లేచాయి. మా చుట్టూ నిశ్శబ్దం. మా వాడు జిప్పు వెనకే చప్పట్లు కొట్టాడు. వాళ్ళిద్దరూ పట్టించుకోలేదు, వాళ్ళు 1962లో ఉన్నారు. జకార్తా, ఏషియన్ గేమ్స్ ఫైనల్, కొరియా మీద 2-1. కోచ్ హైదరాబాద్ రహీం సాబ్. జట్టులో సికింద్రాబాద్‌లో పుట్టిన తులసీదాస్ బలరాం. బలరాం ఈస్ట్ బెంగాల్‌కి ఆడాడు, 61లో కెప్టెన్. ఆ తర్వాత బీఎన్నార్ ఫుట్‌బాల్ జట్టుకి వచ్చాడు. మావయ్యగారి నాన్నగారు ఆ రోజుల్లో మర్రిపాలెం క్వార్టర్లలో రేడియో ముందు కూర్చుని "మనోడు, మన రైల్వేవోడు" అనేవారట. సగం సగం అర్థమైంది నాకు. మిగతాది మావయ్యగారే మధ్యలో నా వైపు తిరిగి తెలుగులో చెప్పారు, నేను కూడా ఆ మాటల్లో ఉన్నట్టు.

ఆ ముసలాయనది ఉత్తర్‌పారా, హుగ్లీ ఒడ్డు. బలరాం చివరిదాకా ఉన్నది అదే ఊళ్ళో. బజార్లో కనిపించేవారట, సంచి పట్టుకుని, చేపల దగ్గర. "నమస్కారం పెట్టేవాణ్ణి. ఆట గురించి ఒక్క మాటా మాట్లాడేవారు కాదు." 2023 ఫిబ్రవరిలో పోయారు. ఇంకా ఏడాది కాలేదు. ఫ్లాస్కు మూతలో టీ పోసి మావయ్యగారికి ఇచ్చారు. షుగరని ఇంట్లో చక్కెర లేని టీ ఇస్తాం ఈయనకి. మారుమాట్లాడకుండా తాగేశారు.

సెకండాఫ్‌లో మా గ్యాలరీ ఊగిపోయింది. నందకుమార్ సమం చేశాడు, మొన్నటిదాకా ఒడిశాకి ఆడిన చెన్నై కుర్రాడే. కాసేపటికి పెనాల్టీ, 2-1. ఆ రెండోది నేను చూడలేదు, అమ్మాయిని బాత్రూంకి తీసుకెళ్ళాను. క్యూలో నిలబడి పైన పేలిన అరుపుకి ఎవరు కొట్టారో ఊహించుకోవడమే. తిరిగొచ్చేసరికి ఒక పరిచయం లేనావిడ నన్ను వాటేసుకుంది.

తొంభై నిమిషాలు దాటాయి. మా ఆయన వాచీ చూసి, "అదిగో, తొమ్మిదిన్నర. నే చెప్పలా?" అన్నారు. ఇంజ్యురీ టైంలో ఎనిమిదో నిమిషం, ఒడిశాకి పెనాల్టీ, జాహూ కొట్టాడు. 2-2. ఎక్స్‌ట్రా టైం ఇంకో అరగంట. నేను మా ఆయన వైపు తిరిగి ఏమీ అనలేదు. అనాల్సిన అవసరమే లేదు, పక్కనే ఇద్దరు కుర్రాళ్ళు రాత్రి బండి పోయిందని ఫోన్లో ఎవరికో మొత్తుకుంటున్నారు. మూడువేల రెండొందల మాట ఆ రోజు తర్వాత మా ఇంట్లో వినపడలేదు.

నూట పదకొండో నిమిషం, క్లెయిటన్ సిల్వా. 3-2. పన్నెండేళ్ళ తర్వాత ఈస్ట్ బెంగాల్‌కి జాతీయ స్థాయి కప్పు. పెద్ద పెద్ద మగాళ్ళు మెట్ల మీద కూర్చుని ఏడుస్తున్నారు. మా వాడికీ ఏడుపొచ్చింది, వేరే కారణానికి. ఇక దాచడం అనవసరమని జిప్పు దించేశాడు. వెనక వరసవాడు ఆ ఊదారంగు చూసి ఒక్క క్షణం ఆగి, చెయ్యి చాపి జుట్టు చెరిపి, వేరుశనక్కాయల పొట్లం ఇచ్చాడు. ముసలాయన లేచి తన మఫ్లర్ తీసి మావయ్యగారి మెడలో వేశారు. ఫోన్ నంబర్లు తీసుకున్నారేమో అనుకున్నాను. లేదట. పేర్లైనా అడుక్కోలేదట.

హోటల్ చేరి పడుకునేసరికి పన్నెండు, నాలుగింటికి మళ్ళీ లేపాను. ప్రశాంతిలో మా సీట్లు ఎడమవైపే పడ్డాయి, అదీ నా అదృష్టం. ఖుర్దా రోడ్ దాటకముందే అందరూ నిద్ర. మావయ్యగారు కిటికీ పక్కనే, మఫ్లర్ మొహం మీదికి లాక్కుని. బాలుగావ్ దగ్గర చిలకా వచ్చింది. మంచు ఇంకా పూర్తిగా విడలేదు, నీళ్ళేవో ఆకాశమేదో తెలియట్లేదు, ఒక్క పడవ మాత్రం గాల్లో వేలాడుతున్నట్టుంది. లేపనా వద్దా అని చెయ్యి దాకా పోనిచ్చి ఆగాను. ఆయన పెదాలు కదులుతున్నాయి, గురక కూడా వస్తోంది.

పలాసలో కళ్ళు తెరిచారు. కిటికీ బయట జీడిపప్పు అమ్మేవాళ్ళు. "చిలకా రాలేదా ఇంకా?"

"ఎప్పుడో పోయింది మావయ్యగారూ."

కాసేపు చూశారు నన్ను. కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, అర కిలో ఎంత అని అడిగారు, బెంగాలీలో.