అతని సంతకం లేకపోయినా

మా అక్క కూతురు డాలస్‌లో భర్త నుంచి విడిపోయిందని తెలియగానే మారేడుపల్లిలో మా బంధువులందరూ ఒకే పాట మొదలుపెట్టారు. "అతను సంతకం పెట్టకపోతే గ్రీన్‌కార్డు పోతుందట, కాస్త సర్దుకుపొమ్మను." ఆ మాట తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

పెళ్లయి రెండేళ్లు నిండకముందే శాశ్వత నివాస హోదా వస్తే అమెరికా ఇచ్చేది రెండేళ్ల షరతుల కార్డు. దొంగ పెళ్లిళ్లను అడ్డుకోవడానికి 1986లో చేసిన చట్టం ఇది. గడువు తీరే ముందు 90 రోజుల్లో ఆ షరతులు తొలగించమని దంపతులిద్దరూ కలిసి ఐ-751 అనే దరఖాస్తు దాఖలు చేయాలి. అయితే విడాకులైనా, భర్త పోయినా, అతను హింసించినా అమ్మాయి ఒక్కతే దరఖాస్తు చేసుకోవచ్చు. ఆ 90 రోజుల కోసం ఆగనక్కరలేదు. హింస కారణమైతే విడాకుల తీర్పు కూడా అక్కరలేదు. ఇది తెలియక దెబ్బలు ఓర్చుకునే పిల్లలు ఎందరో!

ముఖ్యంగా రుజువు చేయాల్సింది, ఆ పెళ్లి మనస్ఫూర్తిగా చేసుకున్నదని. అద్దె ఒప్పందం, ఉమ్మడి బ్యాంకు ఖాతా, కలిసి వేసిన పన్ను రిటర్నులు అక్కడే దొరికాయి. మిగతావి ఇక్కడ వెతికాం. అక్క కోపంతో పెళ్లి ఆల్బమ్ చింపబోతే చేతిలోంచి లాక్కున్నాను. నిశ్చితార్థం ఫొటోలు, వివాహ ధ్రువపత్రం, అల్లుడు మొదటి సంక్రాంతికి వచ్చినప్పుడు తీసినవి, అన్నీ స్కాన్ చేసి పంపాం. శుభలేఖ తెలుగులో ఉంది కాబట్టి ఇంగ్లీషు అనువాదం, అనువాదకుడి ధ్రువీకరణ జతచేశాం. ఆ పెళ్లికి అక్క ఎంత మురిసిపోయిందో ఆ ఫొటోల్లో కనిపిస్తుంది. వాటిని దాచుకోవడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

విడాకులు ఇక్కడి ఫ్యామిలీ కోర్టులో తీసుకోమన్నారు కొందరు. హిందూ వివాహ చట్టం 13-బి కింద పరస్పర అంగీకారమైనా ముందు ఏడాది విడిగా ఉండాలి. ఆ తర్వాతి ఆరు నెలల గడువును కోర్టు తగ్గించవచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది కానీ, అది కోర్టు విచక్షణ. టెక్సాస్‌లో సాధారణంగా 60 రోజులు ఆగితే చాలు. ఇద్దరూ సమ్మతించి అక్కడే తీసుకున్నారు. తిరుపతిలో పెళ్లయిన ఒక జంట కేసులో 1991లో సుప్రీంకోర్టు చెప్పిన ప్రకారం ఆ సమ్మతి ముఖ్యం. భర్త ఒక్కడే విదేశంలో తెచ్చుకున్న తీర్పును మన కోర్టులు ఒప్పుకోకపోవచ్చు.

దరఖాస్తు అందినట్లు రసీదు వచ్చింది. పాత కార్డుతో కలిపి చూపిస్తే 48 నెలలు చెల్లుతుంది. ఉద్యోగం చేసుకోవచ్చు, ప్రయాణించవచ్చు. వేసవికి కూతుర్ని రమ్మంటోంది అక్క. రానీ, కానీ కార్డుకు ఇబ్బంది రాకుండా, నెలల తరబడి ఇక్కడే ఉంచేయకూడదని నేను గట్టిగా చెప్పాను.