ఆరు దాకా మనదే, ఏడు గ్రీకుది

ఆదివారం. పొద్దున్నుంచీ తుంపర. బియ్యం అయిపోతే కొట్టుకి వెళ్ళి, తిరిగొస్తూ బ్రాటిస్లావ్‌స్కా వీధి దగ్గర ట్రామ్ కోసం నిలబడ్డాను. ఈ చెక్ ఊరు బ్ర్నోలో రోమాలు, అంటే ఎప్పుడో ఇండియా నుంచి యూరప్‌కి వెళ్ళినవాళ్ళ సంతతి, ఎక్కువగా ఉండేది అక్కడే.

వెనక నుంచి "పాని" అని వినిపిస్తే నన్నేనేమో అని తిరిగాను. చెక్‌లో ఆడవాళ్ళని 'పానీ' అనే పిలుస్తారు మరి. చూస్తే ఓ ముసలావిడ, పక్కన మనవడు, వాడి చేతిలో నీళ్ళ సీసా. "దె మన్ పాని" అందావిడ. వాళ్ళ రోమానీ భాషలో నీళ్ళు ఇవ్వరా అని! వాడు సీసా ఇచ్చి చెక్‌లో ఏదో గొణిగాడు.

ట్రామ్ రావడానికి ఇంకా పన్నెండు నిమిషాలుంది. వచ్చీరాని చెక్‌లో మాది ఇండియా అన్నాను. ఆవిడ చుట్టాన్ని చూసినట్టు చూసి, వేళ్ళు మడుస్తూ లెక్క మొదలెట్టింది. యెఖ్, దుయ్, త్రిన్, ష్టార్, పాంజ్, షోవ్. ఇక్కడి దాకా కాస్త హిందీ వస్తే చాలు, పోల్చుకోవచ్చు. ఆ తర్వాత ఎఫ్తా, ఓఖ్తో, ఎన్యా. ఇవి గ్రీకువి. మన వైపు నుంచి పడమటికి వెళ్ళినవాళ్ళు గ్రీకు మాట్లాడే బైజాంటియం సామ్రాజ్యపు నేల మీద తరాల తరబడి ఉండిపోయినప్పుడు అంటుకున్నాయి. దారిని 'ద్రోమ్' అంటారు, అదీ గ్రీకే. మళ్ళీ పదికి దెష్, ఇంటికొచ్చేశారు.

పిల్లలతో ఇదే మాట్లాడతారా అంటే చెయ్యి అడ్డంగా ఊపింది. కమ్యూనిస్టుల కాలంలో బడివాళ్ళు ఇంట్లో చెక్కే మాట్లాడమన్నారట. ఈవిడకి వచ్చిన చెక్ అంతంతమాత్రం. ఆ అరకొరదే పిల్లలకిచ్చింది. రోమానీ రాలేదు, చెక్ సరిగ్గా అబ్బలేదు, క్లాసులో ఆ యాసకి నవ్వులు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో నాకు తెలియలేదు. పిల్లలు బాగుపడాలనే కదా ఆవిడా చేసింది.

ఆవిడ పుట్టింది తూర్పు స్లోవాకియాలో. ఇక్కడి రోమాల్లో చాలామంది యుద్ధం తర్వాత అటునుంచి వచ్చినవాళ్ళే. అంతకుముందు ఈ చెక్ నేల మీద, అంటే బొహీమియా, మొరావియాల్లో, ఉన్న రోమాలని నాజీలు ఆష్విట్జ్ చావు శిబిరానికి తోలేశారు. ప్రాణాలతో తిరిగొచ్చింది కొన్ని వందల మంది. వాళ్ళ యాస దాదాపు వాళ్ళతోనే పోయింది. ఇదే వీధిలో 1991లో పెట్టిన రోమా మ్యూజియం ఉంది, ప్రాగ్‌లో చార్లెస్ యూనివర్సిటీలో రోమానీ చెబుతారు. ఆవిడకి అవేం పట్టలేదు. మా ఊళ్ళో పిల్లలు ఇంకా రోమానీలోనే కొట్టుకుంటారు అని మాత్రం మురిసిపోయింది.

రాత్రి అమ్మ ఫోన్ చేసింది. కింద వాటాలోకి కొత్తగా వచ్చినవాళ్ళ నంబరు రాసుకోమంది. "నైన్, డబుల్ ఫోర్..." అని మొదలెట్టింది. తెలుగులో చెప్పమ్మా అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. "తొమ్మిది... అబ్బా, గుర్తు రావట్లేదే, ఇంగ్లీషులో అయితేనే నోరు తిరుగుతుంది" అంది.