సీపీసీ ప్రిపరేషన్: చేతి మీద స్కిన్ క్యాన్సర్ కేసు దగ్గర నేను నేర్చుకున్నవి

ఫ్రెండ్స్, నేను బీఎస్సీ మైక్రోబయాలజీ చేసి, అమీర్‌పేటలో మెడికల్ కోడింగ్ (పేషెంట్ రికార్డు చదివి జబ్బుకి, చికిత్సకి కోడ్లు వేసే పని) కోచింగ్ తీసుకుని, రెండో అటెంప్ట్‌లో సీపీసీ (సర్టిఫైడ్ ప్రొఫెషనల్ కోడర్ పరీక్ష) పాసయ్యాను. మొదటిసారి 66 వచ్చింది, కావాల్సింది 70 శాతం. రిజల్ట్ చూసుకున్న రోజు హాస్టల్‌లో అన్నం కూడా తినలేదు. రెండు రోజులయ్యాక మాక్ టెస్టులన్నీ ముందేసుకుని తప్పులు లెక్కపెడితే ఎక్కువ భాగం ఇంటెగ్యుమెంటరీలోనే, అంటే చర్మం కేసుల్లోనే ఉన్నాయి. అందులో ఒకే ఒక్క కేసును మూడుసార్లు చేసి మూడుసార్లూ తప్పు పెట్టాను, ప్రతిసారీ వేరే కారణంతో. దాని గురించే రాస్తున్నాను, ఇప్పుడు చదువుతున్న వాళ్లకి పనికొస్తుందని.

కేసు ఇది. కుడి ముంజేయి మీద అనుమానంగా ఉన్న మచ్చ, సైజు 1.4 సెం.మీ. డాక్టర్ చుట్టూ 0.5 సెం.మీ. మార్జిన్ వదిలి కోసి తీశారు. గాయాన్ని లోపలి పొర విడిగా, పై చర్మం విడిగా కుట్టారు, పొడవు 4.2 సెం.మీ. పాథాలజీ రిపోర్ట్‌లో బేసల్ సెల్ కార్సినోమా (ఒక రకం చర్మ క్యాన్సర్) అని వచ్చింది.

మొదటిసారి నేను ఆపరేషన్‌కి ముందు రాసిన డయాగ్నోసిస్ చూసి ఆగిపోయాను. అక్కడ లీజన్ (మచ్చ) అని మాత్రమే ఉంది కాబట్టి బినైన్, అంటే క్యాన్సర్ కాని మచ్చల కోడ్ల వైపు, 11400 సిరీస్‌కి వెళ్లిపోయాను. పాథాలజీ మాట నోట్ చివరి లైన్లో ఉంది, నేను అక్కడి దాకా చదవనే లేదు. మా సార్ అప్పుడు చెప్పింది ఇప్పటికీ పాటిస్తాను: చర్మం కేసు వస్తే ముందు కిందికెళ్లి పాథాలజీ చదువు, తర్వాత పైకి రా. అవుట్‌పేషెంట్ కేసులో 'అనుమానం', 'అయ్యుండొచ్చు' అని రాసి ఉంటే దాన్ని క్యాన్సర్‌గా కోడ్ చేయకూడదు. నోట్‌లో నియోప్లాజమ్ (కణితి) అని ఉండి, రిపోర్ట్ ఇంకా రాకపోతే డి49.2. పాథాలజిస్టే పరీక్ష చేసి 'ఎటూ తేల్చలేం, అన్‌సర్టెన్ బిహేవియర్' అని రాస్తేనే డి48.5. ఈ రెండింటినీ చాలామంది ఒకటే అనుకుంటారు, అసలు కాదు. పైగా ఇది ఒక్క మార్కుతో పోయే విషయం కూడా కాదు. రేపు ఉద్యోగంలో మనం పెట్టిన కోడ్ అమెరికాలో ఎవరో ఒక పేషెంట్ రికార్డులో ఉండిపోతుంది, లేని క్యాన్సర్ వాళ్ల పేరు మీద ఎక్కితే ఎంత ఇబ్బందో ఆలోచించండి.

రెండోసారి సైజు దగ్గర దెబ్బతిన్నాను. 1.4కి 0.5 ఒక్కసారే కలిపి 1.9 అనుకుని, క్యాన్సర్ మచ్చ కోసి తీయడానికి ఆ సైజుకి వచ్చే కోడ్ 11602 పెట్టాను. మార్జిన్ ఒకవైపు ఉండదు కదా, అటూ ఇటూ ఉంటుంది. 1.4, 0.5, 0.5 కలిపితే 2.4, అంటే 11603. అప్పటి నుంచి రఫ్ పేపర్ మీద మచ్చ బొమ్మ గీసి రెండు పక్కలా అంకెలు వేశాకే కూడుతున్నాను, బద్ధకించకుండా మీరూ అలాగే చేయండి. ఇంకోటి, పాథాలజీ రిపోర్ట్‌లో స్పెసిమెన్ సైజు అని ఉంటుంది, అది తీసుకోకూడదు. కోసిన ముక్క ఫార్మలిన్‌లో కుంచించుకుపోతుంది. కోయకముందు సర్జన్ కొలిచి రాసిన సైజే లెక్క. కొన్ని ప్రశ్నల్లో మిల్లీమీటర్లలో ఇస్తారు, అది కూడా చూసుకోండి.

మూడోసారి సీపీటీ (డాక్టర్ చేసిన పనికి వేసే కోడ్లు) అంతా కరెక్ట్‌గా పెట్టాను. 11603, రెండు పొరల కుట్టు కాబట్టి ఇంటర్మీడియట్ రిపేర్ 12032 కూడా (ఒకే పొర కుట్టు, అంటే సింపుల్ రిపేర్ అయితే ఎక్సిషన్‌లోనే, అంటే కోసి తీసిన కోడ్‌లోనే కలిసిపోతుంది, విడిగా వేయకూడదు). ఐసీడీలో (జబ్బుకి వేసే కోడ్లు) మాత్రం సి44.611 టిక్ చేశాను. మెలనోమాలో (ఇంకో రకం చర్మ క్యాన్సర్) సి43.61 కుడి, సి43.62 ఎడమ కదా, ఆ అలవాటులో చివర 1 అంటే కుడి అనుకున్నాను. సి44.61లో చివరి అంకె 1 అంటే ఏ వైపో రాయలేదని అర్థం, 2 కుడి, 9 ఎడమ. సరైనది సి44.612. ఆప్షన్లలో మూడూ పక్కపక్కనే ఇస్తారు, కావాలనే.

అన్నట్టు మెలనోమా కోసం ఐసీడీ పుస్తకంలోని నియోప్లాజమ్ టేబుల్‌లో (కణితుల కోడ్ల పట్టిక) వెతుకుతూ టైమ్ పోగొట్టుకోకండి, ఇండెక్స్‌లో మెలనోమా అన్న పదం దగ్గరికే నేరుగా వెళ్లండి.

నా ఉద్దేశంలో తెలుగువాళ్లం ప్రత్యేకంగా జాగ్రత్తపడాల్సిన చోటు ఒకటి ఉంది. మనకు భుజం నుంచి వేళ్ల చివరిదాకా అంతా చెయ్యే. ఐసీడీ కూడా దాదాపు మనలాగే ఆలోచిస్తుంది, భుజం, జబ్బ, ముంజేయి, అరచేయి అన్నీ అప్పర్ లింబ్‌లోకే వస్తాయి. సీపీటీ అలా కాదు. ఆర్మ్ (మణికట్టుకి పైన) అయితే 11600 సిరీస్, హ్యాండ్ (మణికట్టు నుంచి వేళ్ల దాకా) అయితే నెత్తి (స్కాల్ప్), మెడ, పాదాలతో కలిపి 11620 సిరీస్. మోస్ సర్జరీలోనూ (క్యాన్సర్‌ని పొరలు పొరలుగా తీస్తూ మైక్రోస్కోప్‌లో చూసే పద్ధతి) అంతే, ఆర్మ్ మీదైతే మొదటి స్టేజ్ 17313, హ్యాండ్ మీదైతే 17311. ప్రశ్న చదువుతూ మనసులో 'చెయ్యి' అని అనువాదం చేసుకున్నామా, ఆ తేడా అక్కడే చెరిగిపోతుంది. నేను ముంజేయి, మోచేయి, అరచేయి వెనక అని విడివిడిగా అనుకుంటూ చదవడం మొదలుపెట్టాకే ఈ తప్పు ఆగింది.

పరీక్ష సంగతికొస్తే 100 ప్రశ్నలు, 4 గంటలు, కోడ్‌బుక్స్ దగ్గరే ఉంటాయి. ప్రశ్నకి రెండున్నర నిమిషాలు కూడా రావు కాబట్టి పుస్తకం ఉందన్న ధైర్యంతో కూర్చుంటే కష్టం. రెండో అటెంప్ట్‌కి రోజూ పొద్దున రెండు ఆపరేటివ్ నోట్లు, ఆప్షన్లు లేకుండా, నా అంతట నేనే కోడ్ చేసేదాన్ని. ఆప్షన్లు చూస్తే తెలిసినట్టే ఉంటుంది, తీసేస్తేనే అసలు తెలుస్తుంది. పరీక్షలో కేసు పొడవుగా ఉంటే ముందు డయాగ్నోసిస్ కోడ్‌తో రెండు ఆప్షన్లు కొట్టేసి, మిగిలిన రెండింటికే సైజు లెక్క వేసుకున్నాను. టెన్షన్ లేదని చెప్పను, కానీ చేతులు వణకలేదు. 79 వచ్చింది.

ఇప్పుడు మీకొక కేసు ఇస్తున్నాను. ఎడమ జబ్బ మీద స్క్వామస్ సెల్ కార్సినోమా, 10 మి.మీ. మచ్చ, అన్ని వైపులా 4 మి.మీ. మార్జిన్, రెండు పొరల కుట్టు 3.5 సెం.మీ. అదే మచ్చ ఎడమ అరచేయి వెనక ఉంటే ఏ కోడ్లు మారతాయో, ఏది మారదో కూడా రాయండి. పుస్తకం తెరిచి చేయండి, ఆప్షన్లు మాత్రం అడగకండి.